ఆకలి లేని ఉపవాసం

"సోమవారాల్లో మీరేం తీసుకునేవారో కాస్త చెప్పండి హైమవతిగారూ. డాక్టర్ అడుగుతున్నాడు," అన్నాడు సదాశివరావు.

సోఫా అంచున కూర్చున్నాడాయన. వీపు ఆనించలేదు. చేతిలో ఆస్పత్రి వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ ఫోల్డరు. నిన్న సాయంత్రం బీ టవర్ లిఫ్టులో భార్య కృష్ణకుమారి కుప్పకూలిపోయినప్పటినుంచి ఆయన ఇంటి మొహం చూసినట్టు లేదు.

"మా ఆవిణ్ణి అడిగితే, 'హైమ ఎలా చేస్తే నేనూ అలాగే చేశాను' అంటుంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు. ఉపవాసం రోజున కూడా షుగరు మాత్ర మానలేదట. ఖాళీ కడుపున మాత్ర. షుగరు నలభై రెండుకి పడిపోయిందండీ. మీరేం తినేవారో, ఎన్నింటికి తినేవారో తెలిస్తే ఆయనకి చెప్తాను."

హైమవతి నేలకేసి చూసింది.

జవాబు ఆమె ఆడపడుచు కావేరి చెప్పింది. కార్తీక పౌర్ణమికి మూడువందల అరవై అయిదు వత్తులు చెయ్యాలని ఒళ్ళో దూది పెట్టుకుని కూర్చుందావిడ. టీచరుగా రిటైరై తమ్ముడింటికి వచ్చి ఆరేళ్ళయింది. శుక్రవారం శుక్రవారం అపార్ట్‌మెంట్ సొసైటీలో తెలుగు ఆడవాళ్ళు నలభైమంది చేసే లలితా పారాయణానికి ఆవిడే పెద్ద.

"ఏముందన్నయ్యగారూ, పొద్దున్న తులసి తీర్థం. మధ్యాహ్నం కొబ్బరినీళ్ళు. నక్షత్రం చూశాక గ్లాసుడు పాలు, ఒక అరటిపండు. ఈ పొగలో నక్షత్రం ఎక్కడ కనిపిస్తుంది? అందుకని ఏడున్నర అనుకుంటున్నాం."

"నీరసం రాలేదా మీకు?" ఆయన హైమవతినే అడిగాడు.

"ఎందుకొస్తుంది? స్వామే చూసుకుంటాడు," అంది కావేరి. "శ్రావణంలో మొదలుపెట్టినప్పుడు ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో మీరే చూడండి. పదిహేను కిలోలు! మా హైమని చూసే గ్రూపులో ఎనిమిదిమంది పదహారు సోమవారాలూ పట్టారు."

నిజానికి ఈ పదహారు సోమవారాలు మన వైపు వ్రతం కాదు. మనకి కార్తీక సోమవారాలున్నాయి. ఢిల్లీ పక్కన ఈ ఇందిరాపురం వచ్చాక లిఫ్టుల్లో, పార్కు బెంచీల మీద, పక్కింటి దీదీలు చెప్పగా విని పట్టుకున్నది ఇది. శివుడు శివుడే కదా, భాష చూసి వరమిస్తాడా అనుకున్నారు తెలుగు ఆడవాళ్ళు. అనుకోవడంలో తప్పూ లేదు.

డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందున్న కూతురు తేజశ్రీ ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి తల్లి వంక చూసింది. హైమవతి భర్త జనార్దనరావు పేపరు మడత విప్పాడు, మళ్ళీ అదే మడత వేశాడు.

"మీరు చెప్పండమ్మా," అన్నాడు సదాశివరావు.

హైమవతి కావేరి వంక ఒకసారి చూసింది.

"వదినగారు చెప్పినట్టేనండీ."

ఆయన తలూపి లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"మీరేమీ అనుకోకండి. మీ దగ్గర తప్పుందని రాలేదు. మీకున్న నిష్ఠ మా ఆవిడకి లేదు, అంతే. మధ్యమధ్యలో ఆకలి ఆకలి అనేది. అలాంటి మనసుతో చేస్తే దేవుడు మాత్రం ఏం చేస్తాడు?"

తలుపు పడింది.

*

"మమ్మీ, యే క్యా థా? అదేం చెప్పడం?" అంది తేజశ్రీ.

"తేజా, నీ పని చూసుకో," అన్నాడు జనార్దనరావు.

"నో, డాడీ. అంకుల్ వెళ్ళి డాక్టర్‌కి అదే చెప్తారు. బిల్కుల్ గలత్ హై, పూర్తిగా తప్పు. రేపు ఆంటీ మళ్ళీ అదే చేస్తే?"

"ఏమిటే నీ హిందీ గోల?" కావేరి వత్తి తిప్పడం ఆపింది. "ఏం తప్పు చెప్పాను నేను? మీ అమ్మ చేసిందే కదా చెప్పాను."

హైమవతి లేచింది. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. కింద కూరల అరలో కరివేపాకు సంచి పక్కకి జరిపి, దాని అడుగునున్న చిన్న అట్టపెట్టె తీసింది. ఈ తొమ్మిది నెలలూ ప్రతి మంగళవారం ఆ పెట్టెని కొంగు చాటున బాత్రూంలోకి తీసుకెళ్ళేది. ఇవాళ తీసుకొచ్చి నట్టింట్లో డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు తుడుచుకుంది. పెట్టెలోంచి పెన్నులాంటిది తీసి దానికి కొత్త సూది బిగించింది. చీర కుచ్చిళ్ళ పక్కన, బొడ్డుకి నాలుగు వేళ్ళ దూరంలో స్పిరిటు దూదితో రుద్దింది.

"హైమా," అన్నాడు జనార్దనరావు. గొంతులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడమే ఉంది.

ఆమె పెన్ను ఆనించి నొక్కింది. పెదాలు కదలకుండా పది లెక్కపెట్టింది. తీసింది.

"ఏమిటది?" అంది కావేరి.

"ఇంజెక్షను."

"నీకు షుగరెప్పుడొచ్చింది?"

"రాలేదు. రాబోతోందన్నారు. లివరులో కొవ్వుంది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోతోంది. మెట్లెక్కితే మోకాళ్ళు ఏడుస్తున్నాయి. అందుకని రాసిచ్చారు. లావు తగ్గడానికి."

దూది ఉండ కావేరి ఒళ్ళోంచి జారి దొర్లుకుంటూ వెళ్ళి టీవీ బల్ల కిందికి పోయింది. ఎవరూ వంగి తియ్యలేదు.

"ఎప్పటినుంచి?"

"మాఘమాసం నుంచి."

"మాఘం..." కావేరి వేళ్ళు మడిచింది. "అంటే శ్రావణంలో నువ్వు దీపం పెట్టి సంకల్పం చెప్పుకునే నాటికే..."

"తొమ్మిది కిలోలు తగ్గాను. మీరు చూసింది శ్రావణంలో. చూసినవాళ్ళకి మీరు చెప్పింది సోమవారాల వల్ల అని."

"నువ్వెందుకు కాదనలేదు?"

అదీ ప్రశ్న. హైమవతి తనని తాను ఎన్నిసార్లు ప్రశ్నించుకుందో! నోటితో అబద్ధమాడలేదు. వదినగారు చెబుతుంటే పక్కన కూర్చుని నవ్వింది, అంతే. పారాయణం అయ్యాక ఆడవాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకుని, 'ఎంత నిష్ఠండీ మీది' అంటే ఒళ్ళు పులకరించింది. అందులో దేవుడికి వెళ్ళవలసిందెంత, తను దాచుకున్నదెంత?

"ఎందుకంటే మొదటిసారి నన్ను మెచ్చుకున్నారు కనక," అంది.

"బాగుంది! మందు పొడుచుకుని సోమవారాలు! ఆ పుణ్యం నీకొస్తుందా, ఆ మందు చేసినవాడికి పోతుందా?"

తేజశ్రీకి నవ్వాగలేదు. తల్లి కూడా ఒక్క క్షణం నవ్వబోయింది. కావేరి మొహం చూసి ఆపుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి.

"నాకూ తెలీదు వదినా. స్వామినే అడిగాను. ఆకలే వెయ్యనప్పుడు దాన్ని ఉపవాసం అనొచ్చా అని. ఇంతవరకూ చెప్పలేదు. కానీ ఒక సంగతి మాత్రం నాకు తెలుసు. పద్ధెనిమిదేళ్ళు కార్తీక సోమవారాలు ఆకలేసి, కడుపు కాలి చేశాను. అరవై రెండు కిలోలున్నదాన్ని తొంభై ఒకటయ్యాను. ఆ పద్ధెనిమిదేళ్ళూ మీరు నాతో ఏమనేవారు?"

కావేరి చేసిన వత్తుల్ని పక్కకి జరిపింది.

"నోరు కట్టుకో అనేవారు. పెళ్ళిళ్ళలో రెండోసారి వడ్డించబోతే, ఆవిడకి చాలు అని మీరే వద్దనేవారు. కట్టుకున్న నోరే వదినా ఇది. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు మందుతో తగ్గితే, అబ్బో ఎంత నిష్ఠ అంటున్నారు."

జనార్దనరావు పేపరు పక్కన పెట్టాడు. సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు ఫైళ్ళు చూసినవాడు. ఏ గొడవనైనా 'ఫలానా తేదీ నుంచి' అని పరిష్కరించడం ఆయనకి అలవాటు.

"ఒక పని చెయ్యి. ఇవాళ్టితో ఆపెయ్. పదిహేను తగ్గావు, చాలు. పైగా నెలన్నరగా బరువు ముల్లు కదలటంలేదని నువ్వే అన్నావు. మందు పని అయిపోయిందన్నమాట. వచ్చే సోమవారంనుంచి ఉత్త ఉపవాసమే చెయ్యి. అప్పుడు అక్క చెప్పిందీ అబద్ధం కాదు, నువ్వు చేసేదీ అబద్ధం కాదు."

"ఆపను."

"అది కాదు హైమా..."

"ఆపనండీ. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. కొన్ని నెలలు దిగుతుంది, తర్వాత ఒకచోట ఆగుతుంది, ఆగినప్పుడే అందరూ మానేస్తారు, మానేస్తే పోయినదాంట్లో చాలా వరకూ తిరిగొస్తుంది అని. ఎన్నాళ్ళు వేసుకోవాలమ్మా అన్నాను. 'బీపీ మాత్ర ఎన్నాళ్ళని మీ ఆయన నన్ను అడిగారా?' అంది. మీరు అడిగారా?"

ఆయన అడగలేదు. పన్నెండేళ్ళుగా పొద్దున్నే కాఫీతోపాటు బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. దాన్ని ఎవరూ తప్పనలేదు.

"మొదటి నెలంతా పోపు వాసనకి వాంతొచ్చింది," అంది హైమవతి. "మీకందరికీ వంట చేసి బాల్కనీలో నిలబడేదాన్ని. రెండో నెల డోసు పెంచితే రెండు రోజులు లేవలేదు. మీ అక్కయ్యగారితో నాకు ఎండదెబ్బని చెప్పారు మీరు. ఆరో నెలలో దువ్వెనకి గుప్పెడు జుట్టు. డాక్టరమ్మ పప్పు, పెరుగు, పనీరు తినండి, బరువులెత్తండి, లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుందంది. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు చేతిలో పట్టుకుని గది తలుపేసుకుని ఎత్తాను. అసలు ఉపవాసాలు వద్దని కూడా అంది. అది మాత్రం వినలేదు. తప్పే. ఇంత దూరం వచ్చి, ఎవరో ఏదో అనుకుంటారని ఆపాలా?"

"శుక్రవారం గ్రూపులో నేను తలెత్తుకుని ఎలా కూర్చోనే?" అంది కావేరి. "ఉద్యాపన రోజున నీచేత నాలుగు మాటలు చెప్పిస్తానని అందరితో అన్నాను."

"చెప్తాను. ఈ మాటే చెప్తాను."

"ఇంట్లో మాట ఇంట్లో ఉండనీ!" ఈసారి జనార్దనరావు కేకే వేశాడు.

"ఇంట్లో మాట నిన్న బీ టవర్ లిఫ్టులో పడిపోయిందండీ. ఎత్తుకెళ్ళి గ్లూకోజు ఎక్కించారు."

ఆ రాత్రి పడుకునే ముందు కావేరి టీవీ బల్ల కిందికి వంగి, చెయ్యి అందక, దూది ఉండని అక్కడే వదిలేసి తన గదిలోకి వెళ్ళింది.

*

బుధవారం పొద్దున్న కృష్ణకుమారిని ఇంటికి పంపారని తేజశ్రీ ఆఫీసు క్యాబ్ ఎక్కుతూ మెసేజి పెట్టింది. కింద ఒక మాట చేర్చింది. 'మమ్మీ, జాకే బోల్ దో.' వెళ్ళి చెప్పెయ్యమని.

హైమవతి పూజ చేసుకుంది. స్వామికి పాలు నైవేద్యం పెట్టి రోజూ చదివే స్తోత్రం మొదలుపెట్టింది కానీ మధ్యలో ఆగిపోయింది. ఏం కోరుకోవాలి? కృష్ణకుమారి క్షమించాలనా? అలా కోరుకుంటే అది కూడా తన సుఖానికే అవుతుంది. ఊరికే దణ్ణం పెట్టి లేచింది.

బీ టవర్ దాకా నడిచే ఆ మూడు నిమిషాల్లోనూ బూడిదరంగు పొగ కళ్ళు మండించింది. అయినా ఆమెకి ఆయాసం రాలేదు. పోయిన ఏడాది ఈ దారిలో రెండుసార్లు ఆగేది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి సంతోషం కలగడం ఆమెకే సిగ్గనిపించింది.

తలుపు తీసిన సదాశివరావు, "రండి, రండి. నిన్న మీరు చెప్పింది డాక్టర్‌కి చెప్పాను," అన్నాడు.

"అది తప్పండీ. మీరూ లోపలికి రండి. ఇద్దరికీ చెప్పాలి."

కృష్ణకుమారి మంచం మీద తలగడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముంజేతికి ఇంకా ప్లాస్టరుంది. చేతిలో ఇడ్లీ ప్లేటు. హైమని చూడగానే ప్లేటు పక్కన పెట్టేసింది, తింటూ దొరికిపోయినట్టు.

"తిను కుమారీ."

"తర్వాత తింటాలే. మూడు సోమవారాలే మిగిలాయి హైమా. డాక్టరు వద్దంటున్నాడు. ఆయన మాట వింటే పదమూడూ వృథా అయిపోవా?"

హైమవతి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తులేదు.

"నేను ఇంజెక్షను వేసుకుంటున్నాను. తొమ్మిది నెలలైంది. నేను తగ్గింది దానివల్ల. సోమవారాల వల్ల కాదు. ఆ మందేసుకుంటే ఆకలెయ్యదు. ఉపవాసం ఉన్నన్నాళ్ళూ నాకు ఆకలెయ్యలేదు."

సదాశివరావు ఆమె వంకే చూస్తూ నిలబడ్డాడు. "నిన్న మీ హాల్లో కూర్చుని నేను మా ఆవిణ్ణే తప్పుబట్టాను," అన్నాడు. "మీరు వింటూ కూర్చున్నారు."

"విన్నానండీ."

ఆయన గదిలోంచి వెళ్ళిపోయాడు. అవతల మంచినీళ్ళ సీసా మూత తిప్పిన చప్పుడైంది.

కృష్ణకుమారి దుప్పటి అంచు మడత పెడుతోంది. విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"నాకు ఆకలేసేది," అంది. "నాలుగున్నరయ్యేసరికి చేతులు వణికేవి. సోమవారం సాయంత్రం పూజలో నీ పక్కనే కూర్చునేదాన్ని కదా. నువ్వు పువ్వులా కూర్చునేదానివి. నీ మొహం చూసి సిగ్గుపడి ఊరుకునేదాన్ని. నా భక్తిలోనే ఏదో లోపముంది, అందుకే నాకు ఆకలేస్తోంది అనుకునేదాన్ని. పదమూడు వారాలు హైమా. చెంపలేసుకున్నాను దేవుడి ముందు, ఆకలేసినందుకు."

హైమవతికి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

"ఒక్కసారి నా చెవిలో చెప్పి ఉంటే ఏం పోయేది నీకు?"

"గొప్ప పోయేది."

కృష్ణకుమారి గోడవైపు తిరిగింది. "వెళ్ళు."

"వెళ్ళను."

"నీకు చెప్పేది అర్థం కావటంలేదా? వెళ్ళమంటున్నాను."

"నువ్వు ఆ ఇడ్లీ తినేదాకా వెళ్ళను. తిట్టు. తిని తిట్టు. శుక్రవారం నలభైమంది ముందూ చెప్తాను. మా ఆయనకీ వదినకీ ఆ మాట నిన్ననే చెప్పేశాను. నా పరువుకి వాళ్ళు భయపడనీ. ఇంకో ఏడుగురు ఉన్నారు నన్ను చూసి ఆకలిని తిట్టుకుంటున్నవాళ్ళు."

కింద పార్కులో ఎవరో చెట్లకి నీళ్ళు కొడుతున్నారు. కృష్ణకుమారి గోడవైపు తిరిగే ప్లేటు కోసం చెయ్యి చాపింది. హైమవతి అందించింది. ఆవిడ ఇటు చూడకుండానే సగం ఇడ్లీ తింది.

"వాంతులొస్తాయా?" అంది ఉన్నట్టుండి.

"ఏమిటి?"

"ఆ మందుకి."

"మొదట్లో వస్తాయి. డోసు పెంచినప్పుడల్లా కొన్నాళ్ళు. తర్వాత సర్దుకుంటుంది. ఒంటికి పడనివాళ్ళు కూడా ఉంటారట."

"ఎన్నాళ్ళకి కనిపిస్తుంది?"

"నెలా రెండు నెలల్లో నీకు తెలుస్తుంది. నాలుగైదు నెలలకి ఎదుటివాళ్ళకి."

కృష్ణకుమారి ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ వాటిలో కోపం కాదు, వేరే ఏదో ఉంది. హైమవతి దాన్ని గుర్తుపట్టింది. మాఘమాసంలో డాక్టరు గది బయట తను అలాగే కూర్చుంది.

"నాకూ ఇప్పించు."

ఈ మాట వస్తుందని హైమవతి అనుకోలేదు. డాక్టరమ్మ తనని మొట్టమొదట అడిగిన ప్రశ్నలు చెవిలో వినిపించాయి. పాంక్రియాస్, అదే క్లోమం, ఎప్పుడైనా వాచిందా? ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ కాన్సర్ ఉందా? కరోనా ఏడు కృష్ణకుమారి పాంక్రియాస్ వాచే కదా పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది! క్యారేజీ కట్టి గేటు దగ్గర ఇచ్చొచ్చింది తనే.

"నేనివ్వకూడదు కుమారీ. అది డాక్టరు రాయాలి. నీకు పాంక్రియాస్ వాచింది కదా, అలాంటివాళ్ళకి మామూలుగా వద్దంటారు."

"అంటే మళ్ళీ నువ్వు తగ్గొచ్చు, నేను తగ్గకూడదు."

"అలా అనలేదు. రేపు నాతో రా. ఆవిడ ముందు కూర్చుందాం. వేరే దారి ఏదైనా ఉంటే ఆవిడే చెప్తుంది."

"వద్దంటే?"

"వద్దంటే వద్దు. మళ్ళీ నన్ను చూసి చెయ్యకు."

కృష్ణకుమారి ఖాళీ ప్లేటు మంచం మీద పెట్టి, హైమవతి మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"పదమూడు వారాలు నిన్ను చూసి నేను ఆకలితో ఉన్నాను," అంది. "ఆవిడ నాకు వద్దంటే, నాతోపాటు నువ్వూ మానేస్తావా హైమా?"

నిన్న ఇంట్లో ఇద్దరి మొహాన కొట్టినట్టు చెప్పిన జవాబే ఇది. ఒక్క ముక్క. ఆపను. ఆ ముక్క ఇప్పుడు హైమవతి నోటిదాకా వచ్చి ఆగింది.

కృష్ణకుమారి చెయ్యి వదలలేదు.